అప్‌డేట్: బంగారు పూత మీద థయోల్ పొర, మచ్చలు పోయాయి

బంగారు పూత ఉన్న గాజు పలకను ఆక్టాడెకేన్‌థయోల్ (ఒక చివర గంధకం, మిగతాదంతా పొడవాటి కార్బన్ గొలుసు ఉన్న అణువు) ద్రావణంలో ముంచి తీస్తే నీటి బొట్టు ఒకచోట గుండ్రంగా నిలిచి ఇంకోచోట చదునుగా పరుచుకుంటోంది (ఈ తేడానే మచ్చలు అంటున్నా), ఎందుకని అడిగాను కదా. ఇప్పుడు తేలింది.

పలకను ముందు అతినీలలోహిత కాంతి, ఓజోన్ వాయువు కలిసి జిడ్డును పోగొట్టే యూవీ-ఓజోన్‌తో శుభ్రం చేసి, ఇథనాల్‌తో బాగా కడిగి, రాత్రంతా థయోల్ ద్రావణంలో ముంచి ఉంచాను. బొట్టు ఎక్కడ వేసినా పూసలా నిలబడుతోంది, స్పర్శ కోణం (బొట్టు అంచు పలకతో చేసే కోణం, ఎంత ఎక్కువైతే నీటిని అంతగా తోసేస్తున్నట్టు) 110 డిగ్రీలు దాటింది. అయితే పని చేసింది శుభ్రతా, సమయమా? అందుకే ఇంకో పలకను అలాగే శుభ్రం చేసి కొద్ది నిమిషాలే ముంచి చూశా. మచ్చలు లేవు, కానీ కోణం మాత్రం కాస్త తక్కువే. అంటే మచ్చలకు కారణం గాలిలోంచి బంగారం మీద చేరిన జిడ్డు, కోణం సంగతి వేరు.

ఒకరు చెప్పిన వివరణ దీనికి సరిగ్గా సరిపోయింది: గంధకం బంగారాన్ని పట్టుకోవడం నిమిషాల్లో అయిపోతుంది, కానీ అప్పటికి కార్బన్ గొలుసులు అడ్డదిడ్డంగానే ఉంటాయి, అవి పక్కపక్కన సర్దుకుని వాండర్‌వాల్స్ ఆకర్షణతో (అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణ) దగ్గరకు చేరి, అన్నీ దాదాపు 30 డిగ్రీలు ఒకే వైపు వాలడానికి గంటలు పడుతుంది. గంధకాల మధ్య దూరం సుమారు 0.5 నానోమీటర్లు, మొత్తం పొర మందం 2 నానోమీటర్లకు అటూఇటూ. అంత పల్చటి పొర నీటిని ఇలా తోసేయడం నాకైతే ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు!

తర్వాత నీటికి బదులు హెక్సాడెకేన్ అనే నూనె లాంటి ద్రవం బొట్టుతో చూస్తా, గొలుసుల క్రమంలో లోపాలుంటే అది ఇంకా బాగా పట్టిస్తుందట.