బోస్టన్ ఫ్రీడమ్ ట్రెయిల్: పెద్దవాళ్లతో ఒక్క రోజులో అవుతుందా?

ప్రశ్న (తిరుపతి): అమ్మానాయనలతో అక్టోబరులో బోస్టన్ పోతాండాం. ఇద్దరికీ అరవై దాటింది. అమెరికా స్వాతంత్ర్య పోరాటం నాటి చోట్లను కలిపే ఈ ఫ్రీడమ్ ట్రెయిల్ దారి మొత్తం నడిపించొచ్చా? టికెట్లు కొనాల్నా?

జవాబు 1: మొత్తం నాలుగు కిలోమీటర్లే, 16 చోట్లు. పార్క్ స్ట్రీట్ మెట్రో స్టేషన్‌లో దిగితే బోస్టన్ కామన్ పార్కు పక్కనే. అక్కడి నుంచి నేలమీది ఎర్ర గీత పట్టుకుని పోతే చాలు. నడకకు టికెట్ లేదు. స్వాతంత్ర్య పోరాట వీరుడు పాల్ రివియర్ ఇల్లు లాంటి కొన్నింట్లో లోపలికి పోను డబ్బు కట్టాల. అసలు చిక్కు దూరం కాదు, నేల. నార్త్ ఎండ్ అనే పాత పేటలో ఇటుకలు ఎగుడుదిగుడుగా లేచుంటాయి, చెప్పుల కొన తగిలి తూలుతారు. పట్టున్న బూట్లు తప్పనిసరి.

జవాబు 2: దారి చివర్లో, చార్లెస్‌టౌన్‌లో బంకర్ హిల్ యుద్ధ స్మారక స్తంభం ఉంది చూడండి, లోపల 294 మెట్లు, ఇరుకుగా చుట్లు తిరుగుతాయి. లిఫ్టు లేదు. అలిపిరి దారిలో మాదిరి ఆగను మంటపాలుండవు. మోకాళ్ల నొప్పులుంటే కింది నుంచే చూపించండన్నా.

జవాబు 3: రెండు పూటలుగా చేసుకోండి. పొద్దున కామన్ నుంచి ఫానియల్ హాల్ అనే పాత సభా భవనం దాకా, భోజనం అక్కడే. తరువాత లాంగ్ వార్ఫ్ రేవులో ఫెర్రీ ఎక్కితే నీళ్ల అవతలి చార్లెస్‌టౌన్. వంతెన మీది నడక తప్పుతుంది. అక్కడ 1797 నాటి కాన్‌స్టిట్యూషన్ అనే యుద్ధ ఓడ ఎక్కను పెద్దవాళ్లకు ఫొటో గుర్తింపు కావాల. పాస్‌పోర్టులు హోటల్లో వదిలి రావద్దండి.