సెక్సీ బీస్ట్ డీవీడీ ఆడట్లేదు, యాస అర్థం కావట్లేదు – ఏం చెయ్యాలి?

రెండో_ఆట:
నమస్తే అందరికీ. లండన్‌లో చదువుకుంటున్న మా తమ్ముడు సెలవులకి వస్తూ, అక్కడ సెకండ్ హ్యాండ్ షాపులో దొరికిందని సెక్సీ బీస్ట్ డీవీడీ తెచ్చాడు. ద జోన్ ఆఫ్ ఇంట్రెస్ట్ చూసినప్పట్నుంచీ దాని దర్శకుడు జోనథన్ గ్లేజర్ మొదటి సినిమా అయిన దీన్ని చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. తీరా మా ప్లేయర్‌లో పెడితే రీజియన్ ఎర్రర్ అంటోంది. కంప్యూటర్‌లో పెట్టి ఇరవై నిమిషాలు చూశాను. ఎండలో ఒళ్ళు కాల్చుకుంటూ పడుకున్న ఆ లావుపాటి మనిషి లేచి నిలబడగానే వెనక కొండ మీంచి బండరాయి దొర్లుకుంటూ వచ్చి తల మీదుగా ఎగిరి స్విమ్మింగ్ పూల్‌లో పడటం చూసి ఉలిక్కిపడ్డాను. కానీ ఆ లండన్ యాసలో మాటలు సగం అర్థం కాలేదు. బ్లూ-రే కొనడం మంచిదా? ఇంకోటి, మా నాన్నగారు గాంధీ సినిమా హాల్లో రెండుసార్లు చూశారు, బెన్ కింగ్స్‌లీ ఉన్నాడంటే నేనూ కూర్చుంటా అంటున్నారు. ఆయనతో చూడొచ్చా?

పాత_డిస్కులు:
డీవీడీలకి దేశాన్ని బట్టి రీజియన్ నంబరు ఉంటుంది, వేరే నంబరుది పెడితే ప్లేయర్ ఆడించదు. మనది రీజియన్ 5, బ్రిటన్‌ది 2, అందుకే ఆ ఎర్రర్. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ ఐదుసార్లే మార్చనిస్తుంది, తర్వాత చివరిదాని మీదే ఉండిపోతుంది కాబట్టి అడిగిన ప్రతిసారీ ఓకే కొట్టకండి. బ్లూ-రేకీ ఈ బాధ ఉంది, అక్కడ మనది సి, బ్రిటన్ బి, అమెరికా ఎ. కొనేముందు వెనక అట్ట మీద ఆ అక్షరం చూసుకోండి. అయినా నేను బ్లూ-రేనే కొనమంటాను, కారణం బొమ్మ కాదు, గొంతు. బ్రిటన్ డీవీడీల్లో సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25తో నడిపిస్తారు, 88 నిమిషాల సినిమా 85 లోపే అయిపోతుంది, గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. బ్లూ-రేలో మామూలుగా అసలు వేగమే ఉంటుంది. వేరే సినిమాకైతే పట్టించుకోను, దీనికి మాత్రం గొంతే ప్రాణం. మెనూలో వినికిడి సమస్య ఉన్నవాళ్ళకోసం ఇచ్చే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉంటే తప్పకుండా పెట్టుకోండి.

గోదారి_గట్టు:
నాన్నగారితో వద్దండీ. బ్రిటన్‌లో దీనికి పెద్దలకి మాత్రమే అనే 18 సర్టిఫికెట్ ఇచ్చారు. రక్తం కంటే బూతులే ఎక్కువ, కింగ్స్‌లీ నోరు తెరిస్తే అవే. గాంధీకి ఉత్తమ నటుడిగా ఆస్కార్ తీసుకున్న మనిషే ఈ డాన్ లోగన్ పాత్రకి సహాయ నటుడిగా నామినేట్ అయ్యాడు. నా మటుకు నాకు ఆయన చేసిన గొప్ప పాత్ర ఇదే.

యాస గురించి బెంగపడకండి. కథ రెండు ముక్కలే. రే విన్‌స్టన్ వేసిన గ్యాల్ దొంగతనాలు మానేసి, ప్రాణంగా ప్రేమించే భార్యతో స్పెయిన్‌లో ఉంటాడు. లండన్‌లో ఒక బ్యాంకు దోపిడీ ఉంది రమ్మని డాన్ వస్తాడు. డాన్ రాకముందే, వస్తున్నాడన్న కబురు వినగానే హోటల్లో భోజనానికి కూర్చున్న నలుగురి మొహాలూ ఎలా వాడిపోతాయో చూడండి, అక్కడ మాటలతో పనే లేదు. తర్వాత గ్యాల్ రానంటాడు, డాన్ అడుగుతూనే ఉంటాడు. తిడతాడు, ఉన్నట్టుండి మెత్తబడతాడు, మళ్ళీ మొదటికొస్తాడు. అంత ఒడ్డూ పొడుగూ ఉన్న గ్యాల్ రానని చెప్పడానికి చిన్నపిల్లాడిలా మాటలు వెతుక్కుంటుంటే నాకు కడుపులో దేవినట్టయింది. మా ఇంట్లో అప్పులవాడు వచ్చి కూర్చున్నప్పుడు పెద్దాయన గొంతు అలాగే సన్నగా అయిపోయేది. ఈ సినిమాలో దోపిడీ కంటే ఆ రానని చెప్పడమే పెద్ద సాహసం.

స్టాల్_టికెట్:
పైన చెప్పినదంతా ఒప్పుకుంటాను కానీ ఇంత మంచి సినిమాలో చివరి దోపిడీ నాకు హడావిడిగా అనిపించింది. పక్కనున్న స్నానాల గది కొలను లోంచి బ్యాంకు లాకర్లలోకి కన్నం వేసే ఆలోచన బావుంది, నీళ్ళు లోపలికి దూకే షాట్ కూడా బావుంది, అయితే డాన్ తెరమీద లేనప్పుడు ఊపు తగ్గుతుంది.

బ్రిటిష్ దొంగలు స్పెయిన్‌లోనే ఎందుకు తేలతారంటే, రెండు దేశాల మధ్య నేరస్థుల అప్పగింత ఒప్పందం 1978 నుంచి 1985 దాకా లేదు. అప్పుడు అక్కడికి చేరినవాళ్ళు చాలామంది, వాళ్ళ పేపర్లు ఆ తీరానికి కోస్టా డెల్ క్రైమ్ అని పేరు పెట్టాయి. 1984లో స్టీఫెన్ ఫ్రియర్స్ తీసిన ద హిట్ కూడా చూడండి. తన ముఠా మీద సాక్ష్యం చెప్పి పదేళ్ళు స్పెయిన్‌లో దాక్కున్నవాణ్ణి చంపడానికి పారిస్ తీసుకెళ్తుంటారు. టెరెన్స్ స్టాంప్ ఆ దారి పొడుగునా ఎంత ప్రశాంతంగా ఉంటాడో చూస్తే చంపేవాళ్ళకే టెన్షన్. క్రైటీరియన్ అనే కంపెనీ వేసిన డిస్క్ ఉంది, అది అమెరికాది, రీజియన్ చూసుకోండి. కింగ్ ఆఫ్ థీవ్స్ (2018) మాత్రం తర్వాతైనా పర్లేదు. 2015 ఈస్టర్ సెలవుల్లో లండన్ హ్యాటన్ గార్డెన్‌లో ముసలి దొంగలు అర మీటరు మందం కాంక్రీటు గోడకి కన్నం వేసిన నిజం కథ అది. మైకేల్ కెయిన్ ఉన్నాడు, విన్‌స్టన్ కూడా ఉన్నాడు, అయినా ఆ ముసలివాళ్ళ భయం తెరమీదకి రాలేదు.

రెండో_ఆట:
అందరికీ చాలా థాంక్స్. నాన్నకి గాంధీయే పెట్టి ఇచ్చి, నేను రాత్రి హెడ్‌ఫోన్స్‌తో ఇది పూర్తిగా చూశాను. విమానంలో సిగరెట్ ఆర్పమంటే డాన్ ఆర్పని సీన్‌లో, వాడు మళ్ళీ ఆ ఇంటికే వస్తాడని తెలిసిపోయి నా చేతులు చల్లబడ్డాయి. పొద్దున మళ్ళీ హోటల్ సీన్ ఒక్కటే వేసి చూశాను. గోదారి_గట్టు గారు చెప్పింది నిజం, కబురు తెచ్చిన గ్యాల్ స్నేహితుడు ఏచ్ ఎవరి మొహం వంకా సూటిగా చూడలేకపోతాడు. బ్లూ-రే చెప్పేశాను, తమ్ముడు డిసెంబర్‌లో తెస్తాడు. ద హిట్ డిస్క్ హైదరాబాద్‌లో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, చూసి జాగ్రత్తగా తిరిగిచ్చేస్తాను.