చీర రంగు ఫోటోలో సరిగ్గా రావాలంటే కలర్ చార్ట్ కొనాలా, కన్ను చాలా?

పత్తర్‌గట్టి చీరలు:
హైదరాబాద్ పత్తర్‌గట్టిలో మాది పాత చీరల షాపు. ఆన్‌లైన్ అమ్మకాలు మొదలుపెట్టాక ఒకటే గొడవ. వంకాయ రంగు చీర పంపితే "ఫోటోలో నీలంగా ఉంది, ఇంటికొచ్చింది ఊదా" అని తిప్పి పంపుతున్నారు. తెలిసినవాళ్లు 24 గళ్ల కలర్ చార్ట్, స్క్రీన్ రంగులు సరిచేసే మానిటర్ క్యాలిబ్రేటర్ కొనమంటున్నారు. ఫోటోలు తీసే మా తమ్ముడు మాత్రం అదంతా దండగ, నా కన్ను చాలు అంటాడు. ఎవరి మాట వినాలి?

రా ఫైల్ రాజు:
మీ తమ్ముడి కన్ను మంచిదే కావచ్చు, కానీ దాని పనే సర్దుకుపోవడం. పసుపు బల్బు కింద కాసేపు కూర్చుంటే తెల్ల పంచె తెల్లగానే కనిపిస్తుంది. అలా సర్దుకున్న కన్నుతో స్క్రీన్ మీద రంగు దిద్దితే పొద్దున ఒకలా, రాత్రి ఒకలా వస్తుంది. చార్ట్‌లో ప్రతి గడి విలువా ముందే కొలిచి ఉంటుంది. మొదటి షాట్‌లో చార్ట్ పెట్టి, రా ఫైల్‌లో (కెమెరా రంగు దిద్దకుండా ఇచ్చే ఫైల్) దాన్ని బట్టి ప్రొఫైల్, అంటే రంగు దిద్దే లెక్క, చేసుకుంటే రోజూ ఒకేలా వస్తుంది. అసలు రంగుకీ ఫోటో రంగుకీ తేడా ఎంతో "డెల్టా ఈ" అనే కొలత చెబుతుంది. అది 1 దగ్గర ఉంటే మామూలు కంటికి దాదాపు దొరకదు.

కోఠి కెమెరా:
రాజు భాయ్, లెక్క మీ మానిటర్ దాకానే. కూకట్‌పల్లిలో ఒకావిడ ఫోన్ వివిడ్ మోడ్‌లో ఉంటుంది, ఎల్బీనగర్‌లో ఇంకొకావిడ రాత్రి పదింటికి నైట్ మోడ్‌లో పసుప్పచ్చగా చూస్తుంది. మీ డెల్టా ఈ ఎక్కడ మిగిలింది? పైగా ఈ కొలతలన్నిటికీ పునాది 1931 నాటి సీఐఈ (వెలుతురు, రంగుల కొలతల అంతర్జాతీయ సంస్థ) "ప్రామాణిక పరిశీలకుడు". రైట్ అనే శాస్త్రవేత్త 10 మందిని, గిల్డ్ అనే ఇంకొకాయన ఏడుగురిని కూర్చోబెట్టి చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన సగటు అది. ఆ సగటు కన్ను మన కస్టమర్లలో ఎవరికీ లేదు.

రా ఫైల్ రాజు:
పదిహేడు మందైనా ఆ లెక్క మీదే ప్రపంచమంతా టీవీలు, రంగులు, ప్రింటింగ్ నడుస్తున్నాయి కదా అన్నా. కస్టమర్ ఫోన్ మన చేతిలో లేదు, నిజమే. అందుకని మన వైపు తప్పు కూడా దానికి కలపాలా?

లైట్ల శీను:
ఇద్దరూ కెమెరా తర్వాతి సంగతే మాట్లాడుతున్నారు. షాపువాళ్లను అడగండి: ఏ లైట్ కింద తీస్తున్నారు? మామూలు తెల్ల ఎల్‌ఈడీ అంటే నీలం ఎల్‌ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూత. అందులో ముదురు ఎరుపు తక్కువ. డబ్బా మీద సీఆర్‌ఐ (ఆ లైట్ కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 80 అని రాస్తారు. అది R1 నుంచి R8 దాకా పేర్లు పెట్టిన ఎనిమిది లేత రంగుల మార్కుల సగటు. ముదురు ఎరుపును చూసే R9 ఆ సగటులో లేదు, చౌక లైట్లలో అది సున్నా దగ్గర కూడా ఉంటుంది. వంకాయ రంగులో నీలం, ఎరుపు రెండూ ఉంటాయి. లైట్‌లో ఎరుపు లేకపోతే బట్ట దాన్ని ఎక్కడి నుంచి తిప్పి పంపుతుంది? నీలమే మిగులుతుంది. మీ ఫిర్యాదు అచ్చం ఇదే.

చార్ట్ దీన్ని కొంతవరకే సరిచేస్తుంది. చార్ట్ గడుల్లోని రంగు పదార్థం వేరు, మీ పట్టు అద్దకం వేరు. గడులు సరిపోయినా చీర తప్పొచ్చు. బ్లౌజు ముక్క షాపులో మ్యాచ్ అయి బయట తేలిపోవడం మీకు తెలియంది కాదు. మీ దగ్గర పెద్దవాళ్లు చీరను షాపుల ముందున్న రాతి ఆర్చీల బయటికి, ఎండలోకి తీసుకెళ్లి చూసుకునేది ఊరికే కాదు. ముందు R9 విలువ 90 దాటిన లైట్లు కొనండి, లేదా కిటికీ వెలుతురులో తీయండి. చార్ట్ ఆ తర్వాత.

మగ్గం మనిషి:
నెమలికంఠం చీర సంగతి ఎవరూ ఎత్తలేదే. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. కుచ్చిళ్ల మడతలో నీలం, భుజం మీద ఆకుపచ్చ. దానికి ఒక్క నంబర్ ఏమని ఇస్తారు? పైగా అలాంటి గాఢమైన నీలాకుపచ్చలు చాలా వరకు ఎస్‌ఆర్‌జీబీ (వెబ్ ఫోటోలకు మామూలుగా వాడే రంగుల ప్రమాణం) పరిధిలో పట్టవు. చీర తిప్పుతూ పది సెకన్ల వీడియో పెట్టండి చాలు.

పత్తర్‌గట్టి చీరలు:
శీను అన్నా, మా డబ్బా చూశాను. సీఆర్‌ఐ 80 అనే ఉంది, R9 ఊసే లేదు. లైట్లు మారుస్తాను. నెమలికంఠాలకు వీడియో కూడా పెడతాం.

కోఠి కెమెరా:
మార్చండి. వివిడ్ మోడ్ రిటర్న్‌లు మాత్రం వస్తూనే ఉంటాయి, నా మాట రాసి పెట్టుకోండి.

రా ఫైల్ రాజు:
రానీ అన్నా. రిటర్న్ వచ్చిన ప్రతి చీరనూ కొత్త లైట్ కింద మళ్లీ తీసి పక్కపక్కన ఇక్కడే పెట్టమనండి, అప్పుడు మాట్లాడుకుందాం.