మట్టి మిద్దె పడగొట్టల్లా, పెట్టుకోవల్లా? భుజ్ చూసొచ్చినోని ప్రశ్న

పెన్న ఒడ్డు (జమ్మలమడుగు):
అందరికీ నమస్కారం. ఇంట్లో తెగని తగువును ఇక్కడ పెడతాండా. మా ఊర్లో తాతల నాటి మట్టి మిద్దె ఉంది. రెండడుగుల మందం రాతి గోడలు, మట్టి అడుసుతో కట్టినవి. పైన దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలనే సన్న కర్రలు, వాటి మీద చవుడు మట్టి. అమ్మకు డెబ్బై ఎనిమిదేండ్లు, ఒక్కతే ఉంటాంది. మిద్దె పడగొట్టి రెండు గదులు కట్టిద్దామని నేను. తాతలు కట్టింది ముట్టుకోనీయనని తమ్ముడు. మొన్న ఉగాదికి ఊరికి పోయి అన్నం తినకుండా తిరిగొచ్చినా.

నా భయం ఊరికే వచ్చింది కాదు. మిలిటరీలో హవల్దారుగా పని చేసినా. 2001 జనవరి 26న గుజరాత్‌లో భూకంపం వచ్చినప్పుడు భుజ్‌లో ఉన్నా. పొద్దున 8 గంటల 46 నిమిషాలు. జెండా వందనానికి మైదానంలో వరసగా నిలబడినాం కాబట్టి బతికినాం. ముందు శబ్దం వచ్చింది, వంద లారీలు ఒక్కసారి స్టార్ట్ చేసినట్టు. ఆ తర్వాత కాళ్ళ కింద నేలను ఎవరో గోనెపట్ట లాగినట్టు లాగినారు. జెండా కొయ్య ఈ పక్కకూ ఆ పక్కకూ ఊగింది. నిమిషం పైనే ఉంటాది, మాకు మాత్రం పూట గడిచినట్టుంది.

మధ్యాహ్నానికి పాత ఊర్లోకి తోలినారు. సందుల్లో సందులే లేవు, అన్నీ రాళ్ళ గుట్టలు. ఊరి పెద్దాసుపత్రే కూలిపోయింది, గాయాలైనోళ్ళకు బయట మైదానంలో కట్లు కట్టినారు. అంజార్‌లో ఊరేగింపుగా పోతున్న బడిపిల్లల మీద సందుకు రెండు పక్కలా ఇండ్లు పడి వందకు పైగా పోయినారు. ఆ గుట్టల్లో రాయి ఎత్తినప్పుడల్లా నాకు మా ఇల్లే కండ్ల ముందుకొచ్చింది. అవే రాళ్ళు, అదే మట్టి.

ఆ తర్వాత వచ్చే కంపాలు ఒకటా రెండా! నెలలు వచ్చినాయి. గుడారంలో తల దగ్గర చెంబు నిండా నీళ్ళు పెట్టుకునేవాణ్ని. నీళ్ళు వణికితే లేచి బయటికి ఉరికేది. ఇన్నేండ్లయినా ఆ చెంబు లేకుండా నాకు నిద్ర పట్టదు. మట్టి మిద్దె అంటే బతికుండంగానే కట్టుకున్న సమాధి. మీరేమంటారు?

జోన్ రెండు (కడప):
అన్నా, మన సీమ చాలావరకు భూకంపాల పటంలో జోన్ 2, అంటే తక్కువ ప్రమాదం ఉండే ప్రాంతం. 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో కంపం వచ్చినప్పుడు హైదరాబాదులో మా పాప ఉండే ఫ్లాటులో ఫ్యాను ఊగిందంట. ఇక్కడ నాకు టీ గ్లాసు కూడా కదల్లేదు. గుజరాత్ వేరు, మనం వేరు.

మేస్త్రీ కొడుకు (కోడుమూరు):
మిద్దె అంటే ఏ మిద్దె? దంతెలు గోడ మీద కూర్చున్నాయా, కంబాల మీద కూర్చున్నాయా? అది చెప్పకుండా సమాధి అంటే ఎట్ల?

రాళ్ళపొలం (తాడిపత్రి):
పడగొట్టండి. భూకంపం మాట దేవుడెరుగు, ముసురు పట్టినప్పుడల్లా ఎక్కడో ఒక మిద్దె కూలి నిద్రలోనే కుటుంబాలు పోతాండాయి.

సివిల్ సారు (అనంతపురం):
"గట్టి నేల, మనకు రాదు" అనే మాట మీద రెండు ముక్కలు చెప్పాలి. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలో లాతూరు జిల్లా కిల్లారిలో భూకంపం వచ్చింది. అప్పటి పటంలో ఆ ఊరు అన్నిటికన్నా ప్రమాదం తక్కువని రాసిన జోన్ 1లో ఉండేది. తర్వాత 2002లో జోన్ 1 అనేదే తీసేసి జోన్ 2లో కలిపేశారు. కర్నూలు నుంచి కిల్లారి సుమారు మూడు వందల కిలోమీటర్లు, అంతే.

తీవ్రత ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. కిల్లారి 6.2, భుజ్ 7.7. అంటే భుజ్‌లో విడుదలైన శక్తి దాదాపు 180 రెట్లు. భుజ్ వైపు ఇరవై వేల మంది వరకూ పోయారు. అంత చిన్న కంపానికి కిల్లారి వైపు పదివేల మంది దాకా ఎందుకు పోయారు? తెల్లవారుజామున నాలుగు కాకముందే వచ్చింది. ముందురోజు వినాయక నిమజ్జనం చేసి అలిసి పడుకున్నారు. ఇళ్ళేమో రాతి గోడలు, మట్టి కప్పులు. గోడకు లోపల ఒక పొర, బయట ఒక పొర, నడుమ చిల్లరాళ్ళూ మట్టీ. రెండు పొరలనూ కలిపి పట్టే పొడవాటి రాయి లేదు. ఊగేసరికి పొరలు విడిపోయాయి, ఒకటి ఇంట్లోకి, ఒకటి వీధిలోకి. కప్పు మీది మట్టి మొత్తం మనుషుల మీద పడింది.

జోన్ రెండు (కడప):
సార్, ఎప్పుడో ముప్పై ఏండ్ల కింద ఒకటి. దానికి సీమలో మిద్దెలన్నీ పడగొట్టాలంటారా? జోన్ 2 అంటే 2నే కదా.

సివిల్ సారు (అనంతపురం):
పడగొట్టమని నేనెక్కడ అన్నాను? రాదు అనడం తప్పన్నాను.

మేస్త్రీ కొడుకు (కోడుమూరు):
నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. గోడ మీదనా, కంబాల మీదనా? మా నాయన నలభై ఏండ్లు మిద్దెలు కట్టినాడు. నట్టింట్లో నాలుగు కంబాలు నిలబెట్టి, వాటి మీద దూలం, దూలం మీద దంతెలు వేసేవాడు. గోడ పడినా కప్పు నిలబడాల అనేవాడు. చవుడు సంగతి కూడా చెప్తా వినండి. ఏటా వానలకు ముందు పోస్తారు కదా. పాతది గీకకుండా దాని మీదే కొత్తది పోస్తే పదేండ్లకు మూరెడు మందం అవుతాది. మా నాయన పాతది గీకించి, గంపలకెత్తి కిందికి దించినాకనే కొత్తది పోయనిచ్చేవాడు. ఇప్పుడు గీకే ఓపిక ఎవరికుంది? బరువు పెంచింది మనం, తిట్టేది మిద్దెను.

పెన్న ఒడ్డు (జమ్మలమడుగు):
తమ్ముడూ, కంబాలూ దూలాలూ లెక్క పెట్టుకుంటా కూర్చునే టైము ఉండదు ఆ పొద్దు. ఒక్కసారి నేల కదిలితే మీ నాయన కట్టినా మా తాత కట్టినా ఒకటే.

తుంగభద్రమ్మ (కర్నూలు):
అందరూ ఇల్లు ఇల్లు అంటున్నారు గానీ, మొదటి కంపం అయినాక ఏం చేయాలో ఎవరూ చెప్పడం లేదు. 2015 ఏప్రిల్ 25న మేము ముప్పై రెండు మందిమి ఖాట్మండులో ఉన్నాం, పశుపతినాథుని దర్శనానికి పోయి. శనివారం, మధ్యాహ్నం పన్నెండుకు నాలుగు నిమిషాలు తక్కువ. 7.8. శనివారం వాళ్ళకు బడి సెలవు, లేకుంటే ఎంతమంది పిల్లలు పోయేవారో. మేము వీధిలో ఉండబట్టి సరిపోయింది. ఆ రాత్రి ఆరుబయట వానలో తడుస్తా కూర్చున్నాం. మమ్మల్ని తీసుకుపోయిన ట్రావెల్స్ వాళ్ళు ఫోను కూడా ఎత్తలేదు, ఆ కోపం నాకు ఇంకా ఉంది.

మా ఆయనకు షుగరు. మాత్రలు హోటల్లో మూడో అంతస్తు గదిలో. హోటలు నిలబడే ఉంది, పగుళ్ళు మాత్రమే. "రెండు నిమిషాల్లో తెచ్చుకుంటా" అని ఒకటే పోరు. నేను చెయ్యి వదల్లేదు. పూటంతా పట్టుకునే ఉన్నా. మరుసటి రోజు మధ్యాహ్నం 6.7 వచ్చింది. మేము ఇంటికి చేరినాక, మే 12న 7.3. అంటే పదిహేడు రోజుల తర్వాత.

సివిల్ సారు (అనంతపురం):
అమ్మా, మామూలుగా తర్వాత వచ్చే కంపాల్లో పెద్దది అసలు కంపం కన్నా ఒక అంకె పైనే తక్కువగా ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ వాటి సంఖ్య కూడా తగ్గుతుంది.

తుంగభద్రమ్మ (కర్నూలు):
మామూలుగా అంటే ఎట్ల సార్? 7.8 కి 7.3. మొదటి దానికి బీటలిచ్చిన ఇల్లు రెండో దానికి ఎందుకు నిలబడతాది?

సివిల్ సారు (అనంతపురం):
నిలబడదు. ఒప్పుకుంటున్నాను.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
అక్క చెప్పింది నిజం. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి ఊర్లోకి వచ్చినప్పుడు మా వీధిలో ఒక మట్టి మిద్దె నీళ్ళల్లో నిలబడింది, నీళ్ళు పోయినాక మూడో రోజు కూలింది. అప్పుడే లోపల ఊడ్చుకుంటున్నారు.

పెన్న ఒడ్డు (జమ్మలమడుగు):
చూసినారా? అందరి మాటా అక్కడికే వస్తాంది. పడగొట్టాల. మేస్త్రీ కొడుకు ఒక్కడే నాయన పేరు నిలబెట్టుకోడానికి వాదిస్తాండాడు. ముసలోళ్ళ ప్రాణాల కన్నా నీకు గోడల మీద మమకారం ఎక్కువైంది.

మేస్త్రీ కొడుకు (కోడుమూరు):
హవల్దారు సామీ, మాట జాగ్రత్త. మా నాయన చేతులకు ఎప్పుడు చూసినా అడుసే. ఆయన కట్టిన మిద్దెల్లో పెండ్లిండ్లు అయినాయి, పురుడ్లు అయినాయి. సమాధి అని మీరు అన్న రోజే ఊరుకున్నా. కొత్త ఇల్లు అంటారే, భుజ్ భూకంపానికి అహ్మదాబాదులో పడినవి మట్టి మిద్దెలా? సిమెంటు అంతస్తులు కాదా? నాకు సర్కారు ఇల్లు మంజూరైంది. ఇచ్చిన డబ్బు బేస్‌మట్టానికే అయిపోయింది. అప్పు చేసి స్లాబు వేసినా. కాంట్రాక్టరు కమ్మీ తగ్గించినాడు. రెండేండ్లకు పెచ్చులూడి నా బిడ్డ మంచం మీద పడినాయి. పడగొట్టినాక మీ అమ్మకు కట్టేది కూడా అట్లాంటిదే అయితే?

పెన్న ఒడ్డు (జమ్మలమడుగు):
నువ్వు ఒక్కసారన్నా రాళ్ళ కింద చెయ్యి పెట్టి మనిషిని లాగినావా? ఆ చెయ్యి చల్లగా తగిలితే ఎట్లుంటాదో తెలుసునా నీకు?

మేస్త్రీ కొడుకు (కోడుమూరు):
తెలీదు. మీరు ఒక్కసారన్నా మీ మిద్దె ఎక్కి చవుడు పోసినారా? ఇన్నేండ్లు సెలవుకొచ్చి పోతిరి. గవాక్షిలో నుంచి వాన కారితే గిన్నె పెట్టింది ఎవరు? మీ తమ్ముడు ఎందుకు వద్దంటాండాడో ఎప్పుడన్నా అడిగినారా? ఇల్లు చూసుకున్నోడు ఒకడు, పడగొట్టమనేటోడు ఒకడు. మీ ఇద్దరి తగువు భూకంపం మీద కాదు సామీ.

రాళ్ళపొలం (తాడిపత్రి):
ఇంటి విషయాలు వద్దబ్బా.

తుంగభద్రమ్మ (కర్నూలు):
మేస్త్రీ తమ్ముడూ, పెద్దాయనతో అట్ల మాట్లాడేది సరికాదు. అన్నా, మీరు కూడా ఆయన నాయన మాట ఎత్తకుండా ఉండాల్సింది.

పెన్న ఒడ్డు (జమ్మలమడుగు):
రెండు రోజులు ఈ పక్కకు రాలేదు. అక్క రాసింది మళ్ళీ మళ్ళీ చదివినా. ఆయన చెయ్యి వదల్లేదని రాసింది కదా. నేను వదిలినా.

భుజ్‌లో మూడో రోజు. ఒక సందు మొదట్లో కాపలా పెట్టినారు నన్ను, ఎవర్నీ లోపలికి పోనీయొద్దని. జనవరి చలి, జనం బయట పడుకోలేక వణుకుతాండారు. ఒక అవ్వ వచ్చింది, మా అమ్మ ఈడు. ఇల్లు నిలబడే ఉంది, లోపల కంబళ్ళున్నాయి, మనవడికి జ్వరం అని చేతులు జోడించింది. పొద్దున్నుంచి ఒక్క కంపం కూడా రాలేదు. ఇంక తగ్గినట్టే అనుకున్నా. జల్దీ పోయి రా అవ్వా అన్నా. కంబళి తీసుకొని గడప దాటతాండగా వచ్చింది. పెద్దది కూడా కాదు, నేను కింద పడలేదు. ముందు గోడ బయటి పొర ఒక్కటే విడిపోయి జారింది. సివిల్ సారు రాసినట్టే పొరలు విడిపోయి, బయటిది వీధిలోకి. ఆమె వీధి పక్కనే ఉంది.

ఈ మాట నా భార్యకు కూడా చెప్పలేదు. మిద్దె చూస్తే నాకు అమ్మ ఆ గడపలో నిలబడినట్టే ఉంటాది. తమ్ముడు ఎందుకు వద్దంటాండాడో నేను అడగలేదు, అది నిజమే. వాడే ఏటా చవుడు పోసినాడు, అది కూడా నిజమే. నీ నాయన్ను అన్నందుకు నన్ను మన్నించు.

మేస్త్రీ కొడుకు (కోడుమూరు):
అన్నా, నాకు నోట మాట రావడం లేదు. సైనికుడని తెలిసి కూడా గెలవాలనే మాట్లాడినా. నాదీ తప్పే.

సివిల్ సారు (అనంతపురం):
హవల్దారు గారూ, మూడో రోజు ఏ కంపం ఎప్పుడొస్తుందో చెప్పగలిగినవాడు అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు. ఇది ఓదార్పు కోసం అనడం లేదు.

పని సంగతి ఒకటి. కిల్లారి తర్వాత యాభైకి పైగా ఊళ్ళను కొత్తచోట కట్టారు గానీ, పడకుండా మిగిలిన ఇళ్ళను గట్టిపరిచే పద్ధతులు కూడా నేర్పారు. కప్పు మీద ఎక్కువైన మట్టి దించడం మొదటిది. గోడకు అక్కడక్కడా ఈ పక్కనుంచి ఆ పక్కకు బొక్క పెట్టి, కమ్మీ వేసి కాంక్రీటు పోస్తే రెండు పొరలూ కలిసి నిలబడతాయి. కంబానికీ దూలానికీ నడుమ ఏటవాలుగా ఊతకర్రలు బిగించాలి. ఇల్లంతా చుట్టి పట్టే కాంక్రీటు పట్టీ వేస్తే మరీ మంచిది. మేస్త్రీ గారి నాయన చెప్పింది అక్కడ కళ్ళారా చూశారు, కంబాల మీదున్న కప్పులు గోడలు పడినా చాలాచోట్ల నిలబడ్డాయి. ఇది ఇన్ని రోజుల ముందే నేను చెప్పి ఉండాల్సింది. జోన్ల గొడవలో పడి వదిలేశాను.

జోన్ రెండు (కడప):
సార్, ఒక మామూలు మిద్దెకు ఎంత ఖర్చవుతాది?

సివిల్ సారు (అనంతపురం):
ఇల్లు చూడకుండా చెప్పలేను. కానీ మట్టి దించడానికి కూలి తప్ప ఏమీ లేదు.

మేస్త్రీ కొడుకు (కోడుమూరు):
అన్నా, మొదట అడిగిందే మళ్ళీ అడుగుతాండా, కోపం లేకుండా. మీ మిద్దెలో దంతెలు గోడ మీదనా, కంబాల మీదనా?

పెన్న ఒడ్డు (జమ్మలమడుగు):
ఇందాకే తమ్మునికి ఫోన్ చేసి అడిగినా. ఉగాది నుంచి ఇదే మొదటిసారి మాట్లాడటం. నట్టింట్లో నాలుగు కంబాలు, అక్కడ దూలం కంబాల మీదే. పడసాలకు కంబాలు లేవు, దంతెలు నేరుగా గోడల మీద. చవుడు గీకి ఎన్నేండ్లయిందో వానికే గుర్తులేదంట. అమ్మ పడుకునేది పడసాలలో.

మేస్త్రీ కొడుకు (కోడుమూరు):
ఆదివారం పొద్దున బస్సుకు వస్తా, గీకే పారలు నేనే తెస్తా. ఈ రాత్రికే తమ్మునితో చెప్పి అమ్మ మంచం నట్టింట్లోకి జరిపించండి.