అప్‌డేట్: గ్రీన్ రివర్ షేల్ 330 డిగ్రీల దగ్గర ఎందుకు నూనె వదల్లేదు

గ్రీన్ రివర్ షేల్ అంటే వేడిచేస్తే నూనె ఇచ్చే రాయి. మాకు వచ్చిన ప్రశ్న ఇది: అమెరికాలోని యూటాలో, ఆ రాయిలో నూనె ఎక్కువ ఇచ్చే పొర అయిన మహోగనీ జోన్ ముక్కల్ని నీళ్లతో కలిపి మూసిన రియాక్టర్‌లో 330 డిగ్రీల సెల్సియస్ దగ్గర 72 గంటలు ఉంచితే, పైన తేలింది పల్చటి పొర మాత్రమే. రాయిలో లోపమా?

లోపం లేదు. సరస్సు అడుగున పేరుకున్న టైప్-1 కెరోజెన్ (నూనెగా మారగల ఘన సేంద్రియ పదార్థం) ముందు బిటుమెన్‌గా, అంటే తారులాంటి జిగురు పదార్థంగా, మారి రాయిలోనే ఉండిపోతుంది. ముక్క విరిచి చూస్తే పొరల మధ్య నల్లగా, జిగురుగా కనిపించింది. సాక్స్‌లెట్‌లో (ద్రావణితో పదేపదే కడిగే గాజు పరికరం) డైక్లోరోమీథేన్ అనే ద్రావణితో తీస్తే ఆ బిటుమెన్ బయటికి వచ్చింది. అంతే సమయం, కానీ 355 డిగ్రీల దగ్గర ఉంచితే నూనె బాగా తేలింది. 374 దాటకూడదు, ఆపైన ద్రవ నీరే ఉండదు.

అసలు జాగ్రత్త నీళ్ల కొలతలో. లీటరు రియాక్టర్, 400 గ్రాముల రాయి అంటే ఖాళీ సుమారు 800 మి.లీ. 350 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత మి.లీ.కి 0.575 గ్రాములకు పడిపోతుంది, అంటే నీరు వ్యాకోచిస్తుంది. 300 గ్రాముల నీళ్లు పోస్తే సరిపోతుంది. 500 పోస్తే ఖాళీ మొత్తం ద్రవంతో నిండి ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. 350 దగ్గర నీటి ఆవిరి ఒత్తిడే 165 బార్, పైగా ఈ రాతి కార్బొనేట్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ దానికి అదనం.

చల్లారాక ముందు లోపలి గ్యాస్‌ను సేకరించాలి, తర్వాతే మూత తీయాలి. గోడలకు అంటిన నూనెను ద్రావణితో కడిగి లెక్కలో కలపండి.