హల్క్ 181, స్పైడర్‌మ్యాన్ 300, ఓ నలభై ఇంద్రజాల్: వీటిలో ఏవి గ్రేడింగ్‌కి పంపాలి?

ఎడిసన్_అటక:
నమస్తే అండీ. ఉండేది న్యూజెర్సీలో. ఒక షార్ట్ బాక్స్ నిండా, సుమారు 120 కామిక్స్ ఉన్నాయి. వాటిలో విలువ ఉంటుందేమో అనిపించినవి ఇవీ:

ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181, 1974 నవంబరు. స్పైన్ (పుస్తకం వీపు) పొడుగునా ఏడెనిమిది చిన్న గీతలు, కింద కుడి మూల మొద్దుబారింది.
అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 300, 1988 మే. మెరుపు బాగానే ఉంది, కవరు మధ్యలో వేలితో నొక్కినట్టు సొట్ట.
న్యూ మ్యూటెంట్స్ 98, 1991 ఫిబ్రవరి. పైకి ఏ లోపమూ కనపడలేదు.
ఎక్స్‌మెన్ 1, 1991. ఏడు కాపీలు.
స్పాన్ 1, 1992. కవరు మీద వెండి రంగు ఇంకుతో సంతకం, స్పాన్ సృష్టికర్త మెక్‌ఫార్లేన్‌దే అంటున్నారు. కాగితం ముక్క రుజువు ఏదీ లేదు.

ఇవి కాక రాజమండ్రి ఇంట్లో ఇంద్రజాల్ కామిక్స్ నలభై దాకా ఉన్నాయి, సగం బైండు చేసినవి. అన్నిటినీ సీజీసీకి (కామిక్ స్థితి చూసి పదికి గ్రేడు వేసి, ప్లాస్టిక్ కేసులో సీలు చేసే అమెరికా కంపెనీ) పంపితే మంచిదా, ఏరి పంపాలా? ప్రెస్సింగ్ (నొక్కి సాపు చేయడం) చేయించాలా? ఖర్చు ఎంత అనుకోవాలి?

స్టేపుల్‌పిన్ను:
అన్నీ పంపితే బాగుపడేది కొరియర్ కంపెనీ. ముందు లెక్క చూడండి.

ఒక పుస్తకానికి గ్రేడింగ్ ఫీజు 30 డాలర్లు, ప్రెస్సింగ్ 20, రానూపోనూ షిప్పింగ్‌లో దాని వాటా 15 అనుకుందాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే, అసలు ఫీజులు ఫారం నింపే రోజున సైట్‌లో చూసుకోండి. మొత్తం 65. అమ్మేచోట కమీషన్ 13 శాతం వేసుకోండి. అదే పుస్తకం గ్రేడ్ లేకుండా 40 డాలర్లకు పోతుంటే, గ్రేడ్ చేయించాక 115కి అమ్ముడుపోతే గానీ పెట్టిన డబ్బు తిరిగి రాదు. అంటే 40 డాలర్ల పుస్తకం దాదాపు మూడింతలు పలకాలి. 1980ల తర్వాత వచ్చినవాటిలో చాలావాటికి ఆ ధర 9.8 గ్రేడుకే దొరుకుతుంది. 9.6కి దిగగానే ధర సగానికి పడిపోయేవి బోలెడు. ధరలు చూసేటప్పుడు ఈబేలో అడుగుతున్న రేట్లు చూడకండి, అమ్ముడైనవాటి జాబితా తీసి, అదే గ్రేడులో చివరి ఐదారు అమ్మకాలు చూడండి.

ఆ లెక్కన ఎక్స్‌మెన్ 1 ఏడూ పక్కన పెట్టేయండి. అది 80 లక్షల కాపీలకు పైగా ఆర్డరైన పుస్తకం. కొన్నవాళ్లందరూ రేపు పిల్లల చదువుకి పనికొస్తుందని ప్లాస్టిక్ సంచుల్లో దాచారు, అందుకే ఈరోజుకీ శుభ్రమైన కాపీలకు కరువు లేదు.

హల్క్ 181 వేరే కథ. వుల్వరిన్ పూర్తిస్థాయిలో కనిపించిన మొదటి సంచిక, మధ్యస్థం గ్రేడులో కూడా వేల డాలర్లు పలుకుతుంది. కొనేవాడికి అంకె కంటే ముందు కావాల్సింది ఇది అసలుదేనా, అంచులు కత్తిరించారా, రంగు అద్దారా అన్న భరోసా. కాబట్టి ఇది పంపాల్సిందే.

కానీ పంపే ముందు ఒకటి చూడండి. లోపల పాఠకుల ఉత్తరాల పేజీలో మార్వెల్ వాల్యూ స్టాంప్ ఉండాలి, షానా అనే పాత్ర బొమ్మ ఉన్నది. ఆ రోజుల్లో పిల్లలు దాన్ని కత్తిరించి ఆల్బంలో అంటించుకునేవాళ్లు. కవరు మిలమిలలాడుతూ ఉంటుంది, లోపల తపాలా బిళ్లలాంటి గడి ఖాళీగా ఉంటుంది. స్టాంప్ లేకపోతే ఆకుపచ్చ లేబుల్ (ఫలానా లోపం ఉందని చెప్పేది) పడుతుంది, ధర బాగా కోసుకుపోతుంది.

లోపాలు చూసే పద్ధతి: చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. గుడ్డ గ్లవుజులు వద్దు, పేజీ అంచు వాటికి తగులుకుని చిరుగుతుంది. బల్ల మీద తెల్ల కాగితం పరిచి, టేబుల్ లైటు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పెట్టండి. పుస్తకాన్ని కొంచెం కొంచెం వంచుతూ ముందు కవరు, వెనక కవరు చూడండి. నేరుగా పడే వెలుతురులో కనపడని సొట్టలు ఇప్పుడు నీడతో సహా కనిపిస్తాయి. తర్వాత పేజీలు లెక్కపెట్టండి. నడిమి పేజీల జత రెండు స్టేపుళ్లకూ పట్టి ఉందో లేదో చూడండి, ఒక దాన్నుంచి ఊడినా గ్రేడు దిగుతుంది. వెనక కవరు వదిలేయకండి. 9.8 ఆశించిన పుస్తకాలు 9.4 అవడానికి సగం కారణాలు వెనక్కే ఉంటాయి.

స్పైడర్‌మ్యాన్ 300కి ముందు కవరు కింది ఎడమ గడిలో బార్‌కోడ్ ఉందా, బొమ్మ ఉందా? బార్‌కోడ్ ఉంటే న్యూస్‌స్టాండ్ (పత్రికల దుకాణం) కాపీ. బొమ్మ ఉంటే కామిక్ షాపులకు వెళ్లిన డైరెక్ట్ కాపీ. న్యూస్‌స్టాండ్‌వి ర్యాక్‌లో నలిగి, మిగిలినవి వెనక్కి పోయి, మంచి స్థితిలో తక్కువగా దొరుకుతాయి.

మైలార్_మావయ్య:
ప్రెస్సింగ్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే దీని మీద అపోహలు ఎక్కువ.

ప్రెస్సింగ్ కాగితాన్ని సాపు చేస్తుంది, అంతే. కొంచెం తేమ పట్టించి, సిలికాన్ పూత ఉన్న కాగితాల మధ్య పెట్టి, సుమారు 65 నుంచి 75 సెల్సియస్ వేడిలో నొక్కి, చల్లారే దాకా బరువు కిందే ఉంచుతారు. వేలి సొట్టలు, అలలు తేలడం, రంగు పోని మడతలు చాలావరకు పోతాయి. గీత దగ్గర ఇంకు పగిలి లోపలి తెల్ల కాగితం కనపడుతుంటే, దాన్నే కలర్ బ్రేక్ అంటాం, అది ఏ ప్రెస్సుకీ లొంగదు. గీత సాపవుతుంది, తెలుపు అలాగే ఉంటుంది. మరకలూ పోవు.

కాబట్టి మీ హల్క్ స్పైన్ మీద ఎనిమిది గీతలున్నాయన్న సంగతి ఒక్కటే చాలదు. అందులో ఎన్నింటికి తెలుపు బయటపడిందో భూతద్దం పెట్టి లెక్కపెట్టండి.

సీజీసీ దృష్టిలో ప్రెస్సింగ్ గానీ, పొడి రబ్బరుతో మురికి తీయడం గానీ మరమ్మతు కిందికి రాదు, మామూలు నీలం లేబులే వస్తుంది. రంగు అద్దడం, చిరుగు అతికించడం, అంచు కోయడం మాత్రం మరమ్మతే. దానికి సాధారణంగా ఊదా లేబుల్. నల్ల స్కెచ్ పెన్నుతో స్పైన్ మీద ఒక్క చుక్క పెట్టినా పట్టుకుంటారు. ఆ చుక్క పెట్టకుండా 7.5 వచ్చే పుస్తకం, పెట్టాక అంకె 8.0 వచ్చినా ఊదా లేబుల్‌తో తక్కువకే పోతుంది.

ఇంట్లో చేయొచ్చా అంటే, పాత పనికిరాని కాపీల మీద నేర్చుకోండి, ఎక్స్‌మెన్ 1 ఏడు ఉన్నాయిగా! ఇస్త్రీ పెట్టె మాత్రం వద్దు. వేడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడి, మెరుపు మచ్చలుగా చచ్చిపోతుంది. తేమ ఎక్కువైతే వచ్చే తప్పు ఇంకా విచిత్రంగా ఉంటుంది: కవరు కుంచించుకుపోయి, లోపలి పేజీలు కుడివైపు అంచు దాటి బయటికి తొంగిచూస్తాయి. అది తిరిగి సరికాదు. లోపల బోర్డు పెట్టకుండా నొక్కితే స్టేపుల్ అచ్చు కవరు మీదికి తేలుతుంది. హల్క్ 181 మీద మాత్రం ప్రయోగాలు చేయకండి, చేయి తిరిగినవాళ్లకే ఇవ్వండి.

ఎడిసన్_అటక:
ఇద్దరికీ ధన్యవాదాలు. హల్క్‌లో స్టాంప్ ఉంది. గీతల్లో ఐదింటికి తెలుపు కనపడుతోంది, మూడింటికి లేదు. స్పైడర్‌మ్యాన్ సొట్ట దగ్గర రంగు చెక్కుచెదరలేదు, గడిలో బార్‌కోడ్ ఉంది. న్యూ మ్యూటెంట్స్ వెనక కవరు మీద ఏటవాలు లైటులో గోటి గుర్తులాంటి అర్ధచంద్రాలు రెండు కనిపించాయి. స్పాన్ సంతకం మాటేమిటి?

స్టేపుల్‌పిన్ను:
హల్క్ వెనక కవరు శుభ్రంగా ఉండి, పేజీలు మరీ పసుపెక్కకపోతే 7.0, 8.0 మధ్యలో ఎక్కడో పడుతుందని నా అంచనా. కళ్లారా చూడని పుస్తకానికి అంతకంటే గట్టిగా చెప్పకూడదు. స్పైడర్‌మ్యాన్ న్యూస్‌స్టాండ్ కదా, ప్రెస్ చేయించి పంపండి. న్యూ మ్యూటెంట్స్ గోటి గుర్తులు ప్రెస్సుకి పోయే రకమే, కానీ ముందు ప్రెస్ చేయించి, తిరిగి చూసుకుని, 9.6 పైన అనిపిస్తేనే గ్రేడింగ్.

స్పాన్ వద్దు. సీజీసీ పసుపు లేబుల్ రావాలంటే వాళ్ల సాక్షి ఎదుట సంతకం పడాలి. సాక్షి లేని సంతకానికి అది రాదు, మామూలు గ్రేడింగ్‌లో దాన్ని కవరు మీద ఎవరో రాసిన రాతగానే చూస్తారు. సాక్షి లేని సంతకాలను కూడా పరీక్షించి ధ్రువీకరించే సేవలు ఉన్నాయి, కావాలంటే ఆ దారి ఉంది. కానీ స్పాన్ 1 కూడా లక్షల్లో అచ్చయిన పుస్తకం, ఖర్చుకి తగ్గ ఫలితం ఉండదు. సంతకం ఇష్టమైతే మంచి మైలార్ (పారదర్శక ప్లాస్టిక్) సంచిలో పెట్టి ఉంచుకోండి.

ఫారంలో ఒక మాట. పుస్తకం విలువ మీరే రాయాలి. చౌక టియర్ (ఫీజు శ్రేణి) కోసం హల్క్ విలువ తగ్గించి రాయకండి. ఒకటి, వాళ్లే పై టియర్‌లోకి మార్చి తేడా వసూలు చేస్తారు. రెండు, దారిలో పోతే బీమా మీరు రాసిన విలువకే వస్తుంది.

గోదావరిగట్టు:
ఇంద్రజాల్ గురించి ఎవరూ అనలేదు, నేను అంటాను.

వాటికి అమెరికా గ్రేడింగ్ అవసరం లేదు. ఇంద్రజాల్ 1964 మార్చిలో ఫాంటమ్‌తో మొదలై 1990 దాకా వచ్చింది. కొనేవాళ్లలో ఎక్కువమంది వరస నంబర్లు పూర్తి చేసుకునేవాళ్లే. వాళ్లు అడిగేది కవరు ఉందా, పేజీలన్నీ ఉన్నాయా, చివరి పేజీ పజిల్ పెన్సిల్‌తో నింపేశారా అని. 7.5కీ 8.0కీ తేడాకి డబ్బు పెట్టే మార్కెట్ ఇంకా రాలేదు. పైగా పంపేటప్పుడు ఒక కస్టమ్స్, తెచ్చుకునేటప్పుడు ఇంకో కస్టమ్స్.

బైండు చేసినవాటి సంగతి ఇంకా తేలిక. మన బైండర్లు పక్కనుంచి కుట్టు వేసి, మూడు వైపులా కటింగ్ మిషన్‌తో సమం చేసేవాళ్లు. అంటే స్పైన్ దగ్గర సూది రంధ్రాలు, అంచులు కోసినవి. గ్రేడింగ్ లెక్కలో ఆ కోత పెద్ద దెబ్బ. విడదీసి అమ్ముదామని కుట్టు లాగకండి, మైదా జిగురు పట్టిన తొలి, చివరి కవర్లు చిరుగుతాయి. బైండు బైండుగానే ఉంచండి. అద్దె లైబ్రరీ రబ్బరు ముద్ర ఉన్నా కంగారు లేదు, మన దగ్గర కొనేవాళ్లు దాన్ని పట్టించుకోరు, కొందరికైతే అదే ముచ్చట.

చేయాల్సింది నిల్వ. గోదావరి జిల్లాల తేమకి స్టేపుళ్లు తుప్పు పడతాయి, ఆ తుప్పు కాగితంలోకి గోధుమ వలయంలా పాకుతుంది. ఆ మైదా కోసమే వెండి పురుగులు వస్తాయి. గోడకి ఆనించిన చెక్క బీరువాలోంచి తీయించండి. ఎండలో ఆరబెట్టమని ఇంట్లోవాళ్లకి చెప్పకండి, ఎరుపూ పసుపూ ముందు వెలిసిపోతాయి. ఫ్యాను కింద నీడలో రెండు రోజులు చాలు. తర్వాత ఆమ్లం లేని బోర్డుతో పాలీప్రొపిలీన్ సంచుల్లో, మూత ఉన్న డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో నిలబెట్టాలి. పొట్లాలు వర్షాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మార్చాలి. పాత పీవీసీ ఫోల్డర్లు వద్దు. పీవీసీ మెత్తబడి ఇంకుని తనవైపు లాక్కుంటుంది. నాఫ్తలీన్ ఉండలు సంచులకు తగిలేలా వేయొద్దు.

మైలార్_మావయ్య:
ప్యాకింగ్ గురించి కూడా రాసేస్తాను. ఎక్కువ పుస్తకాలు దెబ్బతినేది ఇక్కడే.

సంచి మూత టేపుతో అంటించకండి. అవతల పుస్తకం బయటికి లాగేటప్పుడు ఆ టేపు అంచు కవరుకి అంటుకుని, ఇంకు పొరని చర్మంలా లేపుకుపోతుంది. 9.6 పుస్తకం క్షణంలో 6.0. మూతని బోర్డు వెనక్కి మడిచి వదిలేయండి. పుస్తకాలన్నీ కలిపి రెండు గట్టి అట్టల మధ్య పెట్టండి, అట్టలు అన్ని వైపులా సెంటీమీటరు బయటికి ఉండాలి. టేపు అట్టకే వేయండి. ఆ కట్టని చిన్న పెట్టెలో, ఆ పెట్టెని పెద్ద పెట్టెలో, మధ్య ఖాళీ అంతా బబుల్‌తో నింపి పంపండి. ఊపితే చప్పుడు రాకూడదు. అంతకుముందే ప్రతి పుస్తకం ముందు, వెనక, స్పైన్ ఫోటోలు తీసి పెట్టుకోండి.

తిరిగొచ్చాక స్లాబ్‌ని (మన డాబా స్లాబ్ కాదు, ప్లాస్టిక్ కేసు) పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చకండి, నిలబెట్టండి. దారిలో ఎక్కువ కుదుపులు తగిలితే కేసు లోపలే పుస్తకం కదిలి అంచులు నలుగుతాయి, అందుకే రాగానే ఫోటోలతో పోల్చి చూడండి. ప్లాస్టిక్ మీద ఇంద్రధనుస్సు వలయాలు కనిపిస్తే భయం లేదు, అది రెండు పొరలు ఒకదానికొకటి ఆనుకోవడం వల్ల. కేసు ఉంది కదా అని కిటికీ ఎదురుగా గోడకి తగిలించకండి, రంగులు వెలిసిపోతాయి.

ఎడిసన్_అటక:
అర్థమైంది. హల్క్, స్పైడర్‌మ్యాన్ వెళ్తాయి, న్యూ మ్యూటెంట్స్ ప్రెస్ తర్వాత చూస్తాను. చివరగా ఒకటి: ఇవి కాక, ఇప్పటికే స్లాబ్ అయిన (గ్రేడు వేసి కేసులో పెట్టిన) హల్క్ 180 ఒకటి కొందామనుకుంటున్నా. లేబుల్ ఉంటే చాలా?

స్టేపుల్‌పిన్ను:
చాలదు. 2023 చివర్లో బయటపడిన వ్యవహారం ఉంది: కేసులు చాకచక్యంగా తెరిచి, లోపల తక్కువ గ్రేడు కాపీ పెట్టి, పాత లేబుల్‌తోనే అమ్మారు. లేబుల్ మీది సర్టిఫికేషన్ నంబరు సీజీసీ సైట్‌లో కొట్టండి. అక్కడ ఫోటో ఉంటే అమ్మేవాడు పెట్టిన ఫోటోతో పక్కపక్కన పెట్టి చూడండి. బొమ్మ ఎలాగూ ఒకటే. చూడాల్సింది స్పైన్ మీది గీతల స్థానాలు, స్టేపుళ్ల కోణం, కవరు స్పైన్ మీదుగా వెనక్కి ఎంత జరిగి మడతపడిందో. ఏ రెండు కాపీలకూ ఇవి మూడూ కలవవు. కేసు అంచుల్లో తెల్లగా గీరుకుపోయిన చోట్లు, లోపలి పొరలో ముడతలు ఉంటే వదిలేయండి. సైట్‌లో ఫోటో లేకపోతే అమ్మేవాడిని నాలుగు మూలల దగ్గరి ఫోటోలు అడగండి. ఇవ్వడానికి నసిగితే ఇంకోటి వెతుక్కోండి, హల్క్ 180 అంత అరుదేం కాదు.