చెన్నైలో కొత్త టీవీతో పాటు రికార్డర్ కొనాలా? కొంటే ఏది?

కొళత్తూరు కోడలు
అందరికీ నమస్కారమండీ. మా మామగారు నెల్లూరు నుంచి మా దగ్గరికి వచ్చేశారు. పాత టీవీ పోయింది, 43 అంగుళాలది కొత్తది తీసుకుంటున్నాం. ఆయన చూసేవి ముఖ్యంగా రెండే: డీడీ సప్తగిరిలో సాహిత్య కార్యక్రమాలు, ఎస్వీబీసీలో కల్యాణోత్సవం. అవి వచ్చే వేళకి ఆయనకు భోజనమో మందులో నిద్రో అడ్డం వస్తాయి. పైగా మామగారు పృచ్ఛకులుగా కూర్చున్న అష్టావధానం ఒకటి త్వరలో సప్తగిరిలో వేస్తారట. ఆయన నిషిద్ధాక్షరి (అవధాని పద్యం చెబుతుంటే అక్షరాలు నిషేధించే అంశం) ఇచ్చారు. దాన్ని మనవలకు దాచిపెట్టాలని ఇంటిల్లిపాదికీ ఉంది.

షాపతను మూడు దారులు చెప్పాడు. డీటీహెచ్ వాళ్ల రికార్డర్ పెట్టె, పెన్‌డ్రైవ్‌లో రికార్డయ్యే టీవీ, లేదంటే రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ డీవీడీ రికార్డర్. మావారేమో ఏదీ వద్దు, అన్నీ యూట్యూబ్‌లో వస్తాయంటారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సర్జాపూర్ రోడ్డు
అక్కా, బావగారి మాటే నాదీ. నేను బెంగళూరులో మా నాన్నకి పెద్ద టీవీ, వైఫై, ఒక మంచి సౌండ్‌బార్ పెట్టాను. డీటీహెచ్ తీసేశాం. ఎస్వీబీసీ వాళ్లు యూట్యూబ్‌లో లైవ్ ఇస్తారు, దూరదర్శన్ కేంద్రాలు కూడా చాలా కార్యక్రమాలు పెడతాయి. సీరియళ్లకీ సినిమాలకీ ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్ ఉన్నాయి. రికార్డర్‌కి పెట్టే డబ్బు సౌండ్‌బార్‌కి పెట్టండి. పలచటి టీవీల్లో స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి, పెద్దవాళ్లకి మాట స్పష్టంగా వినపడదు. పద్యం వినాలంటే మాట వినపడాలి కదా.

సౌకార్‌పేట శంకరం
సౌండ్‌బార్ సంగతి ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. మా అమ్మకి యూట్యూబ్‌లో వెతకడం రాదు. గొంతుతో అడిగితే ఆవిడ తెలుగు దానికి అర్థం కాదు, అర్థమైనా ముందు ప్రకటన, తర్వాత ఇంకేదో వీడియో. ఓటీటీ అయితే ఓటీపీ నా ఫోన్‌కి వస్తుంది, నేను ఆఫీసులో ఉంటాను. రికార్డర్ పెట్టెలో ఎర్ర బటన్ నొక్కితే రికార్డు, ఇంకోటి నొక్కితే ఆగుతుంది. సంధ్యాదీపం పెట్టి వచ్చి ఆపిన చోటు నుంచే చూస్తుంది. ఒకసారి సిరీస్ రికార్డింగ్ పెడితే రోజూ అదే చేసుకుంటుంది. అమ్మా, మీరు డీటీహెచ్ రికార్డరే తీసుకోండి. కాకపోతే ట్యూనర్లు (ఛానల్ పట్టే భాగాలు) రెండున్నాయా అని తప్పక అడగండి. ఒకటే ఉంటే ఒక ఛానల్ రికార్డవుతుండగా ఇంకోటి చూడటం కుదరదు.

కోడంబాక్కం బెంచి
అమ్మా, నేను టీవీలూ రికార్డర్లూ బాగుచేసే పనిలోనే జీవితం గడిపినవాణ్ణి. మీ ప్రశ్నలో రెండు అవసరాలు కలిసిపోయాయి, విడదీద్దాం. కల్యాణోత్సవం వేళ తప్పింది, సాయంత్రం చూసి తుడిచేస్తారు. అది ఒకటి. అవధానం పదేళ్ల తర్వాత కూడా తెరుచుకోవాలి. అది వేరు. మొదటిదానికి శంకరంగారి పెట్టె బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రెండోదానికి ఆ పెట్టెని నమ్మొద్దు.

ఎందుకంటే అందులోని హార్డ్ డిస్కులో పడేది మామూలు వీడియో ఫైలు కాదు. సంకేతంలో చిక్కుపడిన సమాచారం. దాన్ని విప్పే తాళం ఆ పెట్టెకీ, అందులోని కార్డుకీ, చాలాసార్లు మీ చందాకీ ముడిపడి ఉంటుంది. డిస్కు ఊడదీసి కంప్యూటర్‌కి తగిలిస్తే ఏమీ కనపడదు. బీరువా మీ ఇంట్లో, తాళంచెవి వాళ్ల జేబులో. నాకు తెలిసిన ఒక ఇంట్లో పెట్టె చెడిపోతే కంపెనీ మనిషి వచ్చి కొత్తది పెట్టి పాతది పట్టుకెళ్లాడు. అందులో వాళ్ల నాన్నగారి రేడియో రోజుల గురించి దూరదర్శన్‌లో వచ్చిన ముఖాముఖి ఉంది. పెట్టె కంపెనీ ఆస్తి, అడిగినా తిరిగి ఇవ్వలేదు. ఇచ్చినా తెరుచుకునేది కాదు.

టీవీలోనే రికార్డు చేసేదీ అంతే. యూఎస్‌బీ డ్రైవ్ తగిలించగానే దాన్ని తన పద్ధతిలో ఫార్మాట్ చేస్తుంది (అందులో పెళ్లి ఫొటోలుంటే పోయినట్టే, ముందే తీసి పెట్టుకోండి). రికార్డింగుని మదర్‌బోర్డులోని తాళంతో బిగిస్తుంది. బోర్డు మారిస్తే పాతవన్నీ మూగపోతాయి. ఇంకో చిక్కుంది. టీవీ రికార్డు చేసేది తన సొంత ట్యూనర్‌తో పట్టినదాన్ని మాత్రమే. సెట్‌టాప్ బాక్స్ నుంచి హెచ్‌డీఎమ్‌ఐలో వచ్చేదాన్ని చేయదు. మన ఊళ్లో కేబుల్ నేరుగా టీవీకి తగిలించే రోజులు ఎప్పుడో పోయాయి. 2003 సెప్టెంబరు 1న పే ఛానళ్లకి సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరి చేసింది చెన్నైలోనే. తర్వాత చట్టం మార్చి 2012 నుంచి కేబుల్ అంతా డిజిటల్ చేస్తూ వచ్చారు. అందుకని షాపులో టీవీ మీద రికార్డింగ్ అని రాసున్నా అది మీ ఇంట్లో ఉపయోగపడే అవకాశం తక్కువ. శాటిలైట్ ట్యూనర్ లోపలే ఉండే టీవీలకి 2022లో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం తెచ్చింది, ఐఎస్ 18112. అలాంటి టీవీ దొరికినా రికార్డింగ్ బయటికి వస్తుందా అని అడిగాకే కొనండి.

సప్తగిరి సంగతి వేరు, అక్కడే మీ అదృష్టం. దూరదర్శన్ ఛానళ్లు డీడీ ఫ్రీ డిష్‌లో ఉచితంగా, తాళం లేకుండా వస్తాయి. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అని మొదలుపెట్టింది అదే. నెలనెలా కట్టేదేమీ ఉండదు. యూఎస్‌బీ రికార్డింగ్ ఉన్న మామూలు ఫ్రీ టు ఎయిర్ (తాళం లేని ఛానళ్లు పట్టే) పెట్టె ఒకటి, చిన్న డిష్ ఒకటి కొనండి. పెన్‌డ్రైవ్‌లో పడే ఫైలు చాలా పెట్టెల్లో కంప్యూటర్‌లో నేరుగా తెరుచుకుంటుంది. కొనేముందు షాపులోనే ఓ నిమిషం రికార్డు చేయించి, అక్కడి ల్యాప్‌టాప్‌లో చూపించమనండి. తెరుచుకోకపోతే ఇంకో పెట్టె చూడండి.

పెరంబూరు పాటలపెట్టె
బెంచిగారూ, డీవీడీ డిస్కుని ఒక్కమాట కూడా అనకుండా పక్కన పెట్టేశారు. నా దగ్గర డీవీడీ రికార్డర్ ఇప్పటికీ నడుస్తోంది. సెట్‌టాప్ బాక్స్ పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల నుంచి ఇందులోకి తీసుకుని ఎన్నో పాటల కచేరీలు దాచాను. ఏ కంపెనీ తాళమూ లేదు. చేతిలో పట్టుకునే వస్తువు. మీద పేరు రాసి అలమరలో పెడితే ఎవరూ తుడిచేయలేరు. ఓటీటీలో నిన్న ఉన్న సినిమా ఇవాళ హక్కులు అయిపోయాయని మాయమవుతుంది. నా అలమరలోంచి ఏదీ అలా పోదు.

కోడంబాక్కం బెంచి
మీ ఉద్దేశానికి నమస్కారం. తాళం లేకపోవడం మంచిదే, నేను చెప్పేదీ అదే. కానీ కొత్తగా డబ్బు పెట్టేవాళ్లకి ఆ యంత్రం నేను చెప్పలేను.

4.7 జీబీ డిస్కులో బాగా రావాలంటే గంట, మధ్యస్థంగా రెండు గంటలు. నాలుగు, ఆరు గంటల మోడ్‌లలో ముఖాలు చెదిరిపోతాయి. హెచ్‌డీ బొమ్మ పసుపు పిన్నులోంచి రాదు, 576 గీతలకి దిగిపోతుంది. హెచ్‌డీఎమ్‌ఐలోంచి తీసుకుందామంటే ఆ రికార్డర్లకి హెచ్‌డీఎమ్‌ఐ ఉండేది బయటికి పంపడానికే, లోపలికి తీసుకోవడానికి కాదు. పైగా ఆ తీగలో కాపీ చేయనివ్వని హెచ్‌డీసీపీ రక్షణ ఉంటుంది. డీవీడీ-ఆర్ డిస్కుని చివర్లో ఫైనలైజ్ చేయకపోతే (రికార్డింగ్ ముగించి మూసేయకపోతే) వేరే ప్లేయర్‌లో ఆడదు. మధ్యలో కరెంటు పోతే ఒక్కోసారి డిస్కే పోతుంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది మన గాలి. రికార్డబుల్ డిస్కులో సమాచారం ఉండేది రంగు పొర మీద. దానికి వేడీ తేమా పడవు. చెన్నైలో ఈ రెండూ ఏడాది పొడుగునా ఉంటాయి. మంచి కంపెనీ డిస్కు, చీకట్లో, పొడిగా ఉంటే చాలాకాలం ఉంటుంది. చవక డిస్కులు కొన్నేళ్లకే చదవడం మానేస్తే నా దగ్గరికి తెచ్చారు. ఇక సరుకు ఎక్కడ దొరుకుతుంది? మన దేశంలో డిస్కులకి పెద్ద పేరైన మోసర్ బేర్ 2018లో దివాలా పరిష్కారం కుదరక లిక్విడేషన్‌కి వెళ్లింది. సోనీ రికార్డబుల్ బ్లూరే డిస్కుల తయారీని 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. రిచీ స్ట్రీట్‌లో పాత రికార్డర్ దొరకొచ్చు. దాని లేజర్ పోతే కొత్త లేజర్ దొరుకుతుందని నేను మాట ఇవ్వలేను.

మీ డిస్కులన్నీ ఇప్పుడే, ఆడుతుండగానే, కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. ఇది వాదన కోసం అనడం లేదు. అవి పోతే నాకూ బాధే.

పెరంబూరు పాటలపెట్టె
ఎక్కిస్తాను. కానీ హార్డ్ డిస్కు ఒక్కరోజులో మొత్తం పోతుంది, డిస్కులు ఒకటొకటిగా పోతాయి. ఈ మాట వెనక్కి తీసుకోను.

కోడంబాక్కం బెంచి
అందుకే రెండు హార్డ్ డిస్కులు, రెండు వేరు ఇళ్లల్లో.

సర్జాపూర్ రోడ్డు
ఒక అనుమానం. ఇలా టీవీ కార్యక్రమాలు రికార్డు చేసి దాచుకోవడం చట్టప్రకారం సరేనా? దీనికన్నా వాళ్లే పెట్టిన వీడియో చూడటం నిజాయితీ కాదా?

మైలాపూర్ వకీలు
మన కాపీరైట్ చట్టం, 1957లో 52(1)(ఎ) సెక్షన్ సొంత, వ్యక్తిగత వాడకం కోసం న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని ఉల్లంఘన కాదంటుంది. అమెరికా సుప్రీంకోర్టు 1984లోనే బీటామ్యాక్స్ వీడియో రికార్డర్ కేసులో, ప్రసారాన్ని తర్వాత చూడటానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం న్యాయమైన వాడకమేనంది. మనకది తీర్పుగా చెల్లదు, ఆలోచనకి పనికొస్తుంది. మామగారి అవధానం ఇంట్లో దాచుకోవడంలో నాకు తప్పు కనిపించదు. దాన్ని మీ పేరుతో యూట్యూబ్‌లోకి ఎక్కించడం, కాపీలు అమ్మడం వేరు సంగతి. తాళాలు పగలగొట్టడం గురించి 2012 సవరణలో 65ఎ సెక్షన్ వచ్చింది, అటు వెళ్లకండి. తాళం లేని ప్రసారం పట్టుకోండన్న బెంచిగారి సలహా ఈ కారణానికి కూడా మంచిదే.

కొళత్తూరు కోడలు
ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. మాది నాలుగంతస్తుల్లో రెండోది. టెర్రస్ మీద డిష్ పెట్టడానికి అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోవడం లేదు. బాల్కనీ తూర్పు వైపు. పైన ఇంకో బాల్కనీ ఉంది. డిష్ అక్కడ పెట్టొచ్చా?

కోడంబాక్కం బెంచి
ఇది కొనకముందే అడిగారు, మంచిపని చేశారు. ఫ్రీ డిష్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి. మనం భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి ఉపగ్రహం మనకి దాదాపు నడినెత్తి దగ్గరే. చెన్నై నుంచి చూస్తే ఆగ్నేయ దిక్కున, నేల నుంచి సుమారు 68 డిగ్రీల ఎత్తులో. డిష్ ముఖం చూసి అది వాలుగా చూస్తోందని అనుకోకండి. ఇవి ఆఫ్‌సెట్ డిష్‌లు, ముఖం వాలినదానికన్నా పైకి చూస్తాయి. మీ పై బాల్కనీ స్లాబు సరిగ్గా ఆ దారిలో అడ్డం రావచ్చు. బాల్కనీలో దక్షిణం మూలకి వెళ్లి, గ్రిల్ బయటికి ఓ చెయ్యి చాపి, ఆగ్నేయం వైపు తల బాగా ఎత్తి చూడండి. అక్కడ ఆకాశం కనిపిస్తే బ్రాకెట్ గ్రిల్‌కి బయటగా బిగించి పని కానివ్వొచ్చు. స్లాబు కనిపిస్తే కుదరదు, అసోసియేషన్‌కి మళ్లీ చెప్పాల్సిందే. మీ భవనంలో ఇంకెవరికైనా ఫ్రీ డిష్ కావాలంటే ఒకే డిష్‌కి రెండు, నాలుగు దారుల ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండే, సిగ్నల్ అందుకునే భాగం) పెట్టి పంచుకోవచ్చు. నాలుగు డిష్‌లకి ఒప్పుకోనివాళ్లు ఒక్కదానికి ఒప్పుకోవచ్చు.

సౌకార్‌పేట శంకరం
డిష్ కుదరకపోతే ఉన్న కేబుల్ పెట్టె ఏవీ పిన్నుల (ఆ పసుపు, ఎరుపు, తెలుపువే) నుంచి యూఎస్‌బీ క్యాప్చర్ తీగతో ల్యాప్‌టాప్‌లోకి తీసుకోవచ్చు కదండీ? రోజువారీ కల్యాణోత్సవానికి మాత్రం నా మాట రికార్డర్ పెట్టే. మామగారి చేతిలో ఒక్క రిమోట్ ఉండాలి, మూడు ఉంటే ఆయన టీవీ చూడటమే మానేస్తారు.

కోడంబాక్కం బెంచి
రెండు మాటలూ సరైనవే. ఏవీ పిన్నుల బదులు కొత్త పెట్టెల్లో 3.5 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం ఉంటుంది. దానికి ఆ పెట్టెతో వచ్చిన తీగే వాడాలి, బయటి తీగల్లో వరస మారి బొమ్మ రావాల్సిన చోట శబ్దం వస్తుంది.

సర్జాపూర్ రోడ్డు
ఇంత శ్రమ ఎందుకో నాకింకా అర్థం కాలేదు. ఆ అవధానం వాళ్లే ఆన్‌లైన్‌లో పెడితే?

కొళత్తూరు కోడలు
పెడితే సంతోషమే తమ్ముడూ. పెట్టకపోతే మాకు రెండోసారి దొరకదు. మామగారు ఈ వయసులో మళ్లీ స్టూడియోకి వెళ్లలేరు.

ఇప్పుడే మూలకి వెళ్లి చూశాను, ఆగ్నేయంలో ఆకాశం కనిపిస్తోంది. ఫ్రీ టు ఎయిర్ పెట్టె తీసుకుంటున్నాం. రికార్డర్ పెట్టె సంగతి పండగ ఆఫర్లప్పుడు చూస్తాం. బెంచిగారూ, పెన్‌డ్రైవ్ ఎంతది కావాలి?

కోడంబాక్కం బెంచి
మామూలు నాణ్యతలో సెకనుకి 3 మెగాబిట్లనుకుంటే గంటకి సుమారు 1.35 జీబీ. 32 జీబీది ఎక్కువే. పెన్‌డ్రైవ్‌ని ఎఫ్‌ఏటీ32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేస్తే 4 జీబీ దాటిన ఫైలు ఉండదు, కొన్ని పెట్టెలు అక్కడ ముక్క చేస్తాయి, కొన్ని ఆగిపోతాయి. మీ పెట్టె ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఇంకో పద్ధతి తీసుకుంటే అదే పెట్టండి. వారం ముందే ఏదో ఒక కార్యక్రమం రెండు గంటలు రికార్డు చేసి చూడండి. అసలు రోజున టైమర్‌ని పది నిమిషాలు ముందే మొదలై, అరగంట ఆలస్యంగా ఆగేలా పెట్టండి. దూరదర్శన్ కార్యక్రమం ఆలస్యమైతే చివర తెగుతుంది. అవధానంలో ధారణ (పద్యాలన్నీ తిరిగి ఒప్పజెప్పడం) ఉండేది చివర్లోనే, మామగారి నిషిద్ధాక్షరి పద్యం పూర్తిగా వినపడేది అక్కడే.